స్క్రిప్ట్ రివ్యూ గ్రూప్: "సెకండాఫ్ ల్యాగ్ బ్రో" దాటి ముందుకెళ్లడం ఎలా?

బౌండ్‌కాపీ:

నమస్తే అండి. ఏడుగురం కలిసి ఒకరి స్క్రిప్టులు ఒకరం చదువుకునే గ్రూప్ నడుపుతున్నాం. నలుగురు హైదరాబాద్, ఇద్దరు విశాఖ, ఒకరు డాలస్. ఆదివారం రాత్రి 8 నుంచి 10 దాకా గూగుల్ మీట్. మూడు నెలలైంది కానీ ఎవరి స్క్రిప్టూ బాగుపడలేదు.

120 పేజీలు ఒకేసారి పంపుతారు, సగం మంది చదవరు. చదివినవాళ్లు కూడా "బావుంది బ్రో, సెకండాఫ్ కొంచెం ల్యాగ్" అని ఆపేస్తారు. ఒకాయన మాత్రం ఎదుటివాళ్ల సీన్లు మొత్తం తిరగరాసి పంపుతారు. రాసినవాళ్లు ప్రతి కామెంట్‌కీ "అది కాదు, అక్కడ నా ఉద్దేశం ఏంటంటే" అని మొదలుపెట్టి అరగంట కథ చెప్తారు. ఒకరు వర్డ్‌లో, ఒకరు ఇంగ్లీష్ అక్షరాల తెలుగులో, ఇంకొకరు అను ఫాంట్స్‌లో రాస్తారు, మాకు తెరిస్తే చెత్త కనిపిస్తుంది. కథ బయటికి పోతుందేమో అన్న భయం వేరే.

మీటింగ్ ఎలా నడపాలి, ఎన్ని పేజీలు పెట్టుకోవాలి, ఫార్మాట్ ఏది, కథ రిజిస్ట్రేషన్ సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

వన్‌లైన్‌ఆర్డర్:

ముందు లెక్క చూడండి. గుర్తులు పెట్టుకుంటూ చదివితే పేజీకి రెండు నిమిషాలు. 120 పేజీలంటే నాలుగు గంటలు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు వారంలో నాలుగు గంటలు తీయలేరు, అందుకే పైపైన తిప్పి "ల్యాగ్" అంటారు. వాళ్లది బద్ధకం అనుకోకండి, మీరు పెట్టిన బరువు ఎక్కువ.

వారానికి ఒకరివి 25 నుంచి 30 పేజీలు, ఇంకొకరిది రెండు పేజీల వన్ లైన్ ఆర్డర్, అంటే సీనుకో లైను చొప్పున రాసిన కథ వరస. అంతే. రెండూ కలిపి గంటలో చదవొచ్చు. సోమవారం రాత్రికి ఫైల్ అందాలి, ఆ తర్వాత "కొత్త వెర్షన్ ఇది, ఇది చదవండి" అని పంపితే దాన్ని పక్కన పెట్టేయండి. పాతదే చర్చకి వస్తుంది. లేదంటే మీటింగ్‌లో ముగ్గురు ఒక వెర్షన్, ముగ్గురు ఇంకోటి పట్టుకుని కూర్చుంటారు.

డైలాగ్ వెర్షన్‌తో మొదలుపెట్టొద్దు. మీ గొడవల్లో సగం అక్కడే పుడుతున్నాయనుకుంటా. మాటలన్నీ రాసేశాక "ఇంటర్వెల్ మారాలి" అంటే 40 సీన్లు చెత్తబుట్టలో వేయాలి, ఎవరికి మనసొప్పుతుంది? వాదిస్తారు. వన్ లైన్ దశలో అదే మాట చెప్తే నాలుగు లైన్లు కొట్టేస్తే సరిపోతుంది. రెండున్నర గంటల సినిమాకి సాధారణంగా 60 నుంచి 80 సీన్లు ఉంటాయి, సీనుకి ఒక లైను, మహా అయితే రెండు. ఆ లైన్లో ఏం జరిగిందో ఉండాలి.

"23. మిల్లులో ఎమోషనల్ సీన్." ఇది వన్ లైన్ కాదు, హామీ. "23. రైస్ మిల్లు ఆఫీసు, రాత్రి. లెక్కలో 40 బస్తాలు తక్కువున్నాయని శీను కనిపెడతాడు, తీసింది సొంత బావే అని తెలుస్తుంది." ఇదీ వన్ లైన్. "కామెడీ ట్రాక్", "ఇక్కడ హై వస్తుంది", "మాస్ ఎలివేషన్" లాంటివి కనిపిస్తే చర్చ మొదలుపెట్టకుండానే తిప్పి పంపండి.

ఇక మీటింగ్. డైలాగ్ వెర్షన్‌కి 70 నిమిషాలు, వన్ లైన్‌కి 35, మిగతాది అటూఇటూ. రాసినవాళ్లు మొదట్లో మూడు ముక్కలే చెప్పాలి: ఎన్నో డ్రాఫ్ట్, ఏ జానర్, సినిమాలో ఈ పేజీలు ఎక్కడొస్తాయి. కథ చెప్పకూడదు. వెంటనే చదివిన ఆరుగురూ మైక్‌లు ఆపుకుని ఐదు నిమిషాలు నాలుగు వాక్యాలు రాయాలి. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఎవరు, ఈ పేజీల్లో ఏం మారింది, తర్వాత ఏం జరుగుతుందని అనుకుంటున్నారు. అందరూ రాశాకే చాట్‌లో ఒకేసారి పెట్టాలి. ముందొకరు మాట్లాడితే మిగతావాళ్ల జవాబులు అటే వంగిపోతాయి.

ఈ ఆరు జవాబులే మీకు దొరికే అసలైన రివ్యూ. ఐదుగురు "శీనుకి మిల్లు కావాలి" అని, ఒకరు "చెల్లి పెళ్లి జరగాలి" అని రాస్తే ఆ ఒక్కరు ఏదో లైను జారవిడిచారు. ముగ్గురు ముగ్గురుగా చీలితే మాత్రం అది పేజీ మీద లేదు, రాసినవాళ్ల తలలో ఉంది.

తర్వాత సీన్ నంబర్ల వరసలో కామెంట్లు, 40 నిమిషాలు. ఈ 40 నిమిషాలూ రాసినవాళ్ల మైక్ ఆఫ్. చివరి పావుగంట వాళ్లది, అప్పుడు కూడా సమర్థించుకోవడానికి కాదు, ప్రశ్నలు అడగడానికి. "29లో ఉత్తరం అబద్ధమని ఎవరికి ఎప్పుడు అనుమానం వచ్చింది?" అలాంటివి.

కామెంట్ ఎలా ఉండాలంటే: "హీరోయిన్ క్యారెక్టర్ వీక్" అంటే రాసినవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. "29లో లక్ష్మి పొలం అమ్మనంది, 34లో సంతకం పెట్టింది, మధ్య నాలుగు సీన్లలో ఆమె లేదు, ఎందుకు మారిందో నాకు అందలేదు" అంటే రాత్రికే కూర్చుని సరిచేసుకోవచ్చు. సీన్ నంబరు, అక్కడ నాకు అర్థమైంది, నేను ఆగిపోయిన చోటు. మందు చెప్పక్కర్లేదు, నొప్పి ఎక్కడో చెప్తే చాలు.

ఆ తిరగరాసే అన్నగారికి కూడా ఇదే నియమం. అడిగితే తప్ప సీన్ రాసి పంపకూడదు. దాని వల్ల వేరే చిక్కు కూడా ఉంది, ఎవరైనా చట్టం తెలిసినవాళ్లు చెప్తారు.

"ల్యాగ్" గురించి విడిగా. ఆ మాటని గ్రూప్‌లో నిషేధించండి. దాని వెనక మూడు నాలుగు వేర్వేరు రోగాలుంటాయి. ఫస్టాఫ్‌లో వేసిన ప్రశ్నకి ఇంటర్వెల్‌లోనే జవాబు దొరికిపోయి, కొత్త ప్రశ్న పుట్టకపోవడం ఒకటి. ఇంటర్వెల్ అవగానే ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెట్టి నడుస్తున్న కథని నిలబెట్టేయడం ఇంకొకటి. ప్రేక్షకుడికి ముందే తెలిసిన నిజాన్ని అమ్మకి ఒక సీన్లో, ఫ్రెండ్‌కి ఒక సీన్లో, పోలీసుకి ఒక సీన్లో మళ్లీ మళ్లీ చెప్పడం మరొకటి, ఇది మన స్క్రిప్టుల్లో చాలా ఎక్కువ. పట్టుకోవడానికి వన్ లైన్ ఆర్డర్‌లో సీనుకీ సీనుకీ మధ్య "అందుకని" గానీ "అయితే" గానీ పెట్టి చదవండి. వరసగా మూడుచోట్ల "ఆ తర్వాత" తప్ప ఇంకేదీ పట్టకపోతే ల్యాగ్ అక్కడే ఉంది.

పేజీ55:

ఫార్మాట్ సంగతి నేను చెప్తా.

అను ఫాంట్స్ ఫైల్ మీకు చెత్తలా కనిపించడానికి కారణం అది అన్ని కంప్యూటర్లలో ఒకేలా తెరుచుకునే యూనికోడ్ పద్ధతి కాకపోవడం. లోపల ఉన్నవి ఇంగ్లీష్ అక్షరాల సంకేతాలే, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించినట్టు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో బొమ్మలు పోయి సంకేతాలు మిగులుతాయి. పీడీఎఫ్ చేసి పంపితే కనిపిస్తుంది కానీ వెతకలేరు, కాపీ చేయలేరు. ఆయన్ని యూనికోడ్‌కి మార్చి పంపమనండి. కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక వత్తులు, అరసున్నలు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి.

ఇంగ్లీష్ అక్షరాల తెలుగుని ఒప్పుకోవద్దు. కల, కళ, కాల మూడూ ఒకేలా కనిపిస్తాయి. చదివేవాడి బుర్ర అక్షరాలు విప్పుకోవడంలోనే అలిసిపోతుంది, డైలాగ్ లయ అందదు. టైపింగ్ రాదంటే లేఖిని వెబ్‌సైట్ ఉంది, ఫోన్‌లో జీబోర్డ్ ఉంది, అదే ఇంగ్లీష్ స్పెల్లింగ్ కొడితే తెలుగు పడుతుంది.

విదేశీ స్క్రీన్‌రైటింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక్క పరీక్ష చేయండి. "క్షణం, స్వాతంత్ర్యం, కర్త" అని టైప్ చేసి పీడీఎఫ్ తీయండి. తెరమీద బాగున్నా పీడీఎఫ్‌లో వత్తులు విడిపోయి పొల్లు గుర్తులతో వస్తే అది తెలుగుకి పనికిరాదు.

నా ఓటు ఫౌంటెన్‌కి. అది సాఫ్ట్‌వేర్ కాదు, మామూలు టెక్స్ట్ ఫైల్‌లో స్క్రిప్ట్ రాసే పద్ధతి, ఉచితం, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. కాకపోతే అది ఇంగ్లీష్ కోసం పుట్టింది. పాత్ర పేరుని పెద్దక్షరాలని బట్టి గుర్తుపడుతుంది, తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం లేవు కదా. అందుకని పేరు ముందు @ పెట్టాలి. సీన్ హెడింగ్ ముందు ఒక చుక్క. ఇలా:

.లోపల. రైస్ మిల్లు ఆఫీసు - రాత్రి

@శీను
(లెక్కల పుస్తకం మూసి)
నలభై బస్తాలు ఎలుకలు తినవు బావా.

పేరుకీ డైలాగుకీ మధ్య ఖాళీ లైను పడకూడదు, పడితే డైలాగు కాస్తా చేతల్ని వర్ణించే యాక్షన్‌గా మారిపోతుంది. పేరుకి ముందు మాత్రం ఖాళీ లైను ఉండాలి. యాక్షన్ లైనుని సాఫ్ట్‌వేర్ పాత్ర పేరనుకుని పొరబడుతుంటే దాని ముందు ! పెట్టండి. [[ ]] మధ్య రాసింది నోట్, ప్రింట్‌లో రాకుండా దాచుకోవచ్చు. కామెంట్లకి బాగా పనికొస్తుంది.

ఇదంతా తలనొప్పి అనుకుంటే గూగుల్ డాక్స్ చాలు. అందరికీ "కామెంట్" అనుమతి మాత్రమే ఇవ్వండి, "ఎడిట్" వద్దు. తిరగరాసే అన్నగారి సమస్య సగం అక్కడే తీరిపోతుంది. ఫాంట్ నోటో సెరిఫ్ తెలుగు, లైన్ స్పేసింగ్ 1.5. తక్కువైతే కింది వత్తులూ పై గుడులూ కొట్టుకుంటాయి.

కామెంట్‌లో పేజీ నంబరు వాడొద్దు, సీన్ నంబరే. ఫోన్‌లో 14వ పేజీ ల్యాప్‌టాప్‌లో 11 అవుతుంది. మధ్యలో కొత్త సీను వస్తే 34ఎ అని పెట్టండి, కింద ఉన్నవన్నీ మార్చకండి. మార్చితే పాత కామెంట్లన్నీ వేరే సీన్ల మీద పడతాయి.

ఇంకొకటి, "పేజీకి ఒక నిమిషం" అన్న సూత్రం. అది కొరియర్ ఫాంట్ 12 సైజులో, ఇంగ్లీష్‌లో, ఒక కచ్చితమైన మార్జిన్‌తో వచ్చిన లెక్క. తెలుగు పదాలు పొడుగు, లైన్ ఎత్తు ఎక్కువ, మన పేజీ దానికి సరిపోదు. మీ గ్రూప్ టెంప్లేట్‌కి మీరే కొలుచుకోండి. మాటల సీను ఒకటి, చేతల సీను ఒకటి, రెండూ కలిసింది ఒకటి తీసుకుని, చేతల్ని కూడా ఊహించుకుంటూ పైకి చదివి స్టాప్‌వాచ్ పెట్టండి. మూడూ కలిపి 12 పేజీలై 9 నిమిషాలు వస్తే మీ పేజీ 45 సెకన్లు. అప్పుడు 120 పేజీలంటే గంటన్నరే.

పాటలు, ఫైట్లు విడిగా కలపడం మర్చిపోకండి. "సాంగ్" అని ఒక్క ముక్క రాస్తారు, తెరమీద నాలుగు నిమిషాలు తింటుంది. ఐదు పాటలంటే 20 నిమిషాలు స్క్రిప్ట్‌లో కనిపించకుండా దాక్కుంటాయి. పాట మొదట్లో వాళ్లు ఎక్కడున్నారు, చివరికి ఏం మారింది అని మూడు లైన్లు రాయమనండి. ఏమీ మారకపోతే రివ్యూలో అడగొచ్చు.

నల్లసిరా:

వన్‌లైన్‌ఆర్డర్ గారు చెప్పినదాంట్లో రాసినవాళ్లు నోరు మూసుకోవాలనే దగ్గర నాకు అభ్యంతరం. మన దగ్గర నిర్మాతలు, హీరోలు ఎంతమంది స్క్రిప్ట్ చదువుతారండి? నరేషన్ వింటారు. రెండు గంటలు కూర్చోబెట్టి కథ చెప్పగలగాలి. గ్రూప్‌లో కథ చెప్పొద్దంటే ఆ సాధన ఎక్కడ జరుగుతుంది?

యాసల గురించి కూడా ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. చాలామంది తెలంగాణ పాత్ర అంటే వాక్యానికొక "గిట్ల" తగిలించి, క్రియ మాత్రం "వెళ్ళిపోయాడు" అనే ఉంచుతారు. యాస క్రియలో ఉంటుంది ముందు. "పోయిండు", రాయలసీమ అయితే "పోయినాడు", ఉత్తరాంధ్ర అయితే "ఎల్లిపోనాడు". ముందు క్రియల్ని సరిచేయండి, తర్వాత "ఏందిర భై", "ఏమప్పా", "ఏటి" లాంటివి సగానికి సగం తీసేయండి, ఇంకా సహజంగా ఉంటుంది. పాత్రల పేర్లు కనిపించకుండా డైలాగులు చదివించి ఎవరివో చెప్పమనడం మంచి పరీక్ష. ఆరుగురిలో నలుగురు పోల్చుకోలేకపోతే పాత్రలన్నీ రచయిత గొంతుతోనే మాట్లాడుతున్నాయి. ఆ ప్రాంతం మనిషి గ్రూప్‌లో లేకపోతే బయటి నుంచి ఒకరిని తెచ్చి డైలాగులు మాత్రమే చూపించండి. విశాఖ వాళ్లిద్దరున్నారు కదా అని శ్రీకాకుళం మాట వాళ్లకి అప్పజెప్పేయకండి, అదీ ఇదీ ఒకటి కాదు.

వన్‌లైన్‌ఆర్డర్:

నల్లసిరా గారూ, నరేషన్ విషయంలో మీరన్నది నిజమే. అందుకే రెండింటినీ కలపొద్దంటున్నా. బాగా కథ చెప్పేవాళ్ల స్క్రిప్టులే ఎక్కువ మోసం చేస్తాయి. పేజీలో ఉన్న గుంతల్ని గొంతుతో, చేతులతో పూడ్చేస్తారు. వినేటప్పుడు అద్భుతం. ఆ తర్వాత అదే కాగితం పట్టుకుని అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాపర్టీలు, కాస్ట్యూములు, లొకేషన్లు విడగొడతాడు, కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్ చదువుతారు. అక్కడ చేతులు ఊపడానికి రచయిత ఉండడు.

నెలలో నాలుగు ఆదివారాల్లో ఒకటి నరేషన్‌కి ఇచ్చేయండి. ఆ రోజు ఎవరూ ఏమీ చదివి రానక్కర్లేదు. ఒక్కొక్కరికి 20 నిమిషాలు, రోజుకి ముగ్గురు, పూర్తి కథ. వినేవాళ్లు గడియారం చూసుకుంటూ రెండే రాసుకోవాలి: ఏ నిమిషంలో దృష్టి మళ్లింది, ఏ పాత్ర పేరు మర్చిపోయాను. ఏడో నిమిషంలోపు ఐదో పేరు వచ్చిందంటే వినేవాడు సాధారణంగా తప్పిపోతాడు. "హీరో బావ", "మిల్లు ఓనర్" అని బంధంతో, పనితో చెప్తే నిలుస్తుంది.

బెంచ్‌కాపీ:

రిజిస్ట్రేషన్, కథ పోతుందన్న భయం గురించి.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మీరు రాసిన క్షణంలోనే పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అది సాక్ష్యం. కానీ ఆలోచనకి హక్కు లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చి చెప్పింది: ఆలోచన, ఇతివృత్తం, చారిత్రక విషయం ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ. అంటే "మిల్లులో దొంగతనం చేసిన బావ" అనే లైను గ్రూప్‌లో చెప్తే కాపీరైట్ చట్టం దాన్ని కాపాడదు. 70 సీన్ల వన్ లైన్ ఆర్డర్, పాత్రలు, మలుపులతో సహా రాసి ఉంటే మీ చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టు. కాబట్టి గ్రూప్‌కి నోటి లైను చెప్పకండి, కాగితం పంపండి. పంపేముందు రిజిస్టర్ చేయండి.

తెలుగు సినీ రచయితల సంఘంలో సభ్యులు కథ నమోదు చేసుకోవచ్చు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ సభ్యులకి ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. లేదంటే నేరుగా ఢిల్లీ కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్ దరఖాస్తు, సాహిత్య రచన కింద, రుసుము 500 రూపాయలు. దరఖాస్తు వేయగానే డైరీ నంబరు వస్తుంది, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాకే పరిశీలన మొదలవుతుంది, సర్టిఫికెట్ చేతికి రావడానికి ఇంకా పడుతుంది. కథ ఎముకలు మారినప్పుడు మళ్లీ నమోదు చేయండి, డైలాగులు మారితే అక్కర్లేదు. కవరులో పెట్టి మనకి మనమే రిజిస్టర్డ్ పోస్ట్ చేసుకునే పాత పద్ధతిని నమ్ముకోకండి.

ఫైళ్లు వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో, ఏడుగురి పేర్లూ కనిపించేలా పంపండి. ఎవరికి ఏ తేదీన ఏ డ్రాఫ్ట్ అందిందో దానంతటదే రికార్డవుతుంది.

ఇక తిరగరాసే అన్నగారు. ఎక్కడ ల్యాగో చెప్పిన మనిషికి స్క్రిప్ట్‌లో వాటా రాదు. కానీ ఆయన రాసిన సీన్లు మీరు అలాగే వాడుకుని, రెండు మూడు డ్రాఫ్టులయ్యాక ఏది ఎవరిదో విడదీయలేని స్థితి వస్తే, చట్టంలో ఉమ్మడి రచన అన్న మాటకి దగ్గరగా వెళ్తారు. సినిమా ఓకే అయ్యాక గొడవలు ఇలాగే లేస్తాయి. ఇప్పుడే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: నోట్స్ స్క్రిప్ట్ రాసినవాళ్లకే చెందుతాయి, అడగకుండా ఎవరూ సీను రాయరు, అడిగి రాయించుకుంటే క్రెడిట్, డబ్బు ముందే ఈమెయిల్‌లో తేల్చుకుంటారు. ఏడుగురూ సంతకం పెట్టండి.

బౌండ్‌కాపీ:

అందరికీ చాలా థాంక్స్ అండి. రెండు చిన్న సందేహాలు. చదవకుండా వచ్చేవాళ్లని ఏం చేయాలి? ఒకే సీను గురించి ముగ్గురు "తీసేయ్" అని, ముగ్గురు "ఇదే బెస్ట్ సీన్" అంటే ఎవరి మాట వినాలి?

వన్‌లైన్‌ఆర్డర్:

చదవనివాళ్లు ఆ వారం వినొచ్చు, మాట్లాడే వంతు లేదు. వరసగా రెండుసార్లయితే వాళ్ల స్క్రిప్ట్ వంతు వరసలో చివరికి పోతుంది. ముందే చెప్పి పెట్టుకుంటే ఎవరూ నొచ్చుకోరు.

రెండోదానికి, ఎవరి మాటా వినొద్దు, ఆ సీను నంబరు మాత్రం వినండి. ఆరుగురూ 41 దగ్గరే ఆగారంటే అక్కడ ఏదో ఉంది. సాధారణంగా ఆ సీను బాగానే ఉంటుంది, దానికి కావలసిన సమాచారం ముందు పడి ఉండదు. నచ్చినవాళ్లని "41కి వచ్చేసరికి బావ గురించి మీకేం తెలుసు?" అని అడగండి, నచ్చనివాళ్లని కూడా అదే అడగండి. నచ్చినవాళ్లు ముగ్గురూ 23లో ఆ 40 బస్తాల లైను గుర్తుపెట్టుకుని ఉంటారు, నచ్చనివాళ్లు దాన్ని దాటేసి ఉంటారు. అప్పుడు 41ని ముట్టుకోకుండా 23లో ఆ లైనుని ఇంకొంచెం పైకి తేవాలి.

పేజీ55:

దానికి తోడు, 23లో ఆ మాట సీను మధ్యలో ఉంటే చివరికి జరపండి. చదివేటప్పుడు సీను ఆఖరి లైనే కంటికి ఆగుతుంది. ఫౌంటెన్‌లో అయితే పక్కన [[41కి కావాలి]] అని నోట్ పెట్టుకోండి, వచ్చే డ్రాఫ్ట్‌లో పొరపాటున కొట్టేయకుండా.